హ్యాండ్ బ్రేక్ దించినా చక్రం వదలకపోతే

బొలెరో పికప్ లాంటి బండ్లకు ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక డ్రమ్ముల్లోనే. మదనపల్లె టమాటా మార్కెట్‌కీ, భీమవరం రొయ్యల చెరువులకూ రాత్రీపగలూ తిరిగే బండ్లకు వెనక చక్రం పట్టేయడం కొత్త జబ్బేమీ కాదు. దానికి అడుగడుగునా దొరికే సలహాల్లో కొన్ని డబ్బు దండగ. కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: డాష్‌బోర్డులో ఎర్ర లైటు ఆరింది కాబట్టి బ్రేకు వదిలేసినట్టే.

ఆ లైటు స్విచ్చి ఉండేది లివరు దగ్గర. లివరు కిందికి దిగిందని మాత్రమే అది చెప్పగలదు. దారిలో కేబుల్ తుప్పుపట్టి బిగుసుకున్నా, డ్రమ్ములో షూలు వెనక్కి రాకపోయినా లైటు మామూలుగానే ఆరిపోతుంది. చక్రం సంగతి చక్రం దగ్గరే చూసుకోవాలి.

అపోహ: వెనక చక్రం పట్టేసిందంటే హ్యాండ్ బ్రేక్ కేబుల్ పోయినట్టే. మార్చేస్తే సరి.

ఎక్కువ డబ్బు పోయేది ఈ నమ్మకంతోనే. డ్రమ్ములో ఉన్న ఆ రెండు షూలనే కాలి బ్రేకూ తోస్తుంది, హ్యాండ్ బ్రేకూ తోస్తుంది. పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి వీల్ సిలిండర్ తోస్తుంది. లివరు లాగితే కేబుల్ చివర, డ్రమ్ము లోపల ఉన్న చిన్న లివరు తోస్తుంది. ఇద్దరిలో ఎవరు వదలడం లేదో తేల్చుకోకుండా సామాను కొనడం అనవసరం.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కొంతదూరం నడిపి ఆపాక రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి ముట్టించకుండా సెగ చూడండి. ఒక వైపు సెగ కొడుతూ, రెండో వైపు మామూలుగా ఉంటే ఏ చక్రమో తెలిసిపోయినట్టే. బండి చల్లారాక చదునైన చోట ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనక భాగం జాకీతో లేపి యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకండి. హ్యాండ్ బ్రేక్ దించి చక్రం చేత్తో తిప్పి చూడండి. గేర్లూ ఆయిలూ ఉన్నాయి కనుక కాస్త బరువుగా తిరగడం సహజమే. తిరగనని మొరాయిస్తేనే లెక్క.

ఇప్పుడు కేబుల్ ఎడ్జస్టింగ్ నట్టు వదులు చేయండి. చక్రం వదిలిందా, తప్పు కేబుల్‌దో దాని బిగింపుదో. వదల్లేదంటే ఆ చక్రం వెనక ఉన్న బ్లీడింగ్ నిపుల్ కొద్దిగా తిప్పండి. ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం తేలికపడితే, పెడల్ మీంచి కాలు తీసినా ఒత్తిడి లోపలే ఉండిపోతోందన్నమాట. రెండు వెనక చక్రాలూ ఇలాగే చేస్తుంటే, ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి వచ్చే రబ్బరు హోస్‌ను అనుమానించాలి. పైకి నిక్షేపంగా కనిపిస్తూనే అది లోపల ఉబ్బిపోతుంది. కాలి బలానికి ఆయిల్ అటు వెళ్తుంది కానీ తిరిగి రాలేదు. కేబుల్ ఎన్నిసార్లు మార్చినా ఈ జబ్బు తగ్గదు. నాలుగు చక్రాలూ పట్టేస్తుంటే వెనక వైపు వెతకడం మాని, పెడల్ ఫ్రీ ప్లే, మాస్టర్ సిలిండర్ చూడాలి. నిపుల్ బిగించాక ఆయిల్ మట్టం, పెడల్ గట్టిదనం సరిచూడకుండా బండి కదిలించవద్దు. గాలి చొరబడి ఉంటే బ్లీడింగ్ చేయాల్సిందే.

రెంటికీ వదలకపోతే డ్రమ్ము విప్పాలి. తుప్పుతో బిగిసిన సిలిండర్ పిస్టను, తిరగని చిన్న లివరు, సాగిపోయిన స్ప్రింగు, షూ ఒరుసుకుని గాడి పడిన బ్యాక్ ప్లేటు, వీటిలో ఏదో ఒకటి అక్కడ కనిపిస్తుంది.

అపోహ: హ్యాండ్ బ్రేక్ సరిగా పట్టకపోతే కేబుల్ ఇంకాస్త బిగించాలి.

లైనర్లు అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ సందు పెరుగుతుంది. ఆ సందును ముందు డ్రమ్ములోని ఎడ్జస్టర్‌తో సరిచేసి, ఆ తర్వాతే కేబుల్ చూసుకోవాలి. సందు అలాగే ఉంచి కేబుల్ లాగితే లోపలి లివరు తన చోటికి పూర్తిగా రాదు. తానే సర్దుకునే ఎడ్జస్టర్ ఉన్న బ్రేకుల్లో చాలావాటికి ఆ పని కూడా ఆగిపోతుంది. ఇవాళ గట్టిగా పట్టిన బ్రేకు రేపు వదలకపోవడానికి తరచూ ఇదే కారణం.

అపోహ: పొగలొస్తున్న డ్రమ్ము మీద నీళ్లు పోస్తే చల్లబడుతుంది.

పాడేరు ఘాట్ లాంటి దారి దిగాక చాలామంది చేసే పని ఇదే. దయచేసి చేయకండి. డ్రమ్ము పోత ఇనుము. ఒక్కసారిగా చల్లబడితే పగుళ్లు వస్తాయి. గేరులో ఉంచి, చక్రాలకు అడ్డం పెట్టి, గాలికే చల్లారనివ్వాలి. అంత వేడి మీద హ్యాండ్ బ్రేక్ కూడా బిగించి లాగకూడదు. చల్లారేటప్పుడు డ్రమ్ము కుంచించుకుని షూలను ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

వేడి డ్రమ్ముతోనే ఆగదు. బేరింగు గ్రీజు కరుగుతుంది, ఆయిల్ సీలు దెబ్బతిని గేర్ ఆయిల్ లైనర్ల మీదికి వస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ పరిమితి 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి పుట్టి పెడల్ నేలకు దిగిపోతుంది. లోడుతో దిగువకు వెళ్తున్న బండికి ఇంతకంటే ప్రమాదం లేదు. అందుకే ‘కాస్త పట్టేస్తోంది, మైలేజీ తగ్గుతుంది, అంతేగా’ అన్న మాట నేను ఒప్పుకోను.

అపోహ: డ్రమ్ములోకి డీజిల్ కొడితే వదులవుతుంది.

షూ వదులుతుందేమో కానీ, ఆ చక్రానికి బ్రేకు సరిగా పట్టదు, బండి ఒక పక్కకు లాగుతుంది. గ్రీజు పెట్టాల్సింది షూ ఒరుసుకునే బ్యాక్ ప్లేటు చోట్లలోనే, అదీ వేడి తట్టుకునే రకం, పలచగా.

అపోహ: హ్యాండ్ బ్రేక్ వాడకపోతే పాడవదు.

కదలని కేబుల్‌కే తుప్పు తొందరగా పడుతుంది. రొయ్యలూ చేపలూ మోసే బండ్లయితే ఐసు కరిగిన ఉప్పునీళ్లు కిందికి కారుతుంటాయి, కాబట్టి అడుగుభాగం మంచినీళ్లతో కడగాలి. కడిగిన రోజూ, వాన రాత్రీ మాత్రం హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రాలకు అడ్డం ఉంచడం మేలు. తెల్లారి లైనరు డ్రమ్ముకు అంటుకుంటే నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. రేస్ ఇచ్చి ఈడిస్తే షూ నుంచి లైనరే ఊడి రావచ్చు.

డ్రమ్ము విప్పాక గాలి పైపుతో ఊదడం చాలా షెడ్లలో అలవాటు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులూ క్యాన్సరూ ఏళ్ల తర్వాత బయటపడతాయి. దాన్ని పీల్చేది ఎక్కువగా షెడ్లో పని నేర్చుకుంటున్న కుర్రాడే. తడిగుడ్డతో తుడవమని ఆ కుర్రాడికి చెప్పండి, వాళ్ల మేస్త్రికీ చెప్పండి.