కుక్క తోక చెప్పే మాట

కుక్క తోక వంకర అంటాం. కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటాం. విశ్వాసం అనగానే మళ్ళీ ఆ కుక్కనే ఉదాహరణ చూపిస్తాం. మన మాటల్లో ఇంత చోటిచ్చిన ఆ జీవి మనసులో ఏముందో తెలుసుకోవాలని మాత్రం మనకెప్పుడూ తోచదు. తోచినవాళ్ళు కొందరున్నారు. కుక్కలే కాదు, కోతులూ పక్షులూ చేపలూ చీమలూ ఎందుకలా నడుచుకుంటాయో ఓపిగ్గా కూర్చుని చూడడమే వాళ్ళ చదువు. దానిపేరు ఇథాలజీ. జంతువుల నడవడికని చదివే శాస్త్రం అన్నమాట. ఈ శాస్త్రానికి పునాది వేసిన లోరెంజ్, టిన్‌బర్గెన్, ఫాన్ ఫ్రిష్ అనే ముగ్గురికి 1973లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు.

ప్రపంచంలోని ఈ శాస్త్రజ్ఞులంతా రెండేళ్ళకోసారి ఒకచోట కలుస్తారు. 1999లో బెంగుళూరులో కలిశారు. మళ్ళీ 2025 ఆగస్టు ఆఖరి వారంలో మన దేశానికి వచ్చారు, ఈసారి కోల్‌కతాకి. మన అనకాపల్లి స్టేషన్ మీదుగా రోజూ రైళ్ళు పోయేది ఆ వైపుకే కదా!

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే దేశమంతా వీధికుక్కల గొడవ. ఢిల్లీ వీధుల్లోని కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమని ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 22న ఆ మాట సవరించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడివాటిని అక్కడే వదలమంది. రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దంది. ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదు, దానికి వేరే చోటు చూపించాలంది. నవంబరు 7న మళ్ళీ బడులూ, ఆసుపత్రులూ, బస్టాండ్లూ, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేయాలనీ, వాటిని తిరిగి అక్కడ వదలకూడదనీ ఆదేశించింది.

కోల్‌కతా సభకి వెళ్ళే చదువూ, వీలూ నాకు లేవు లెండి. కానీ ఆ ఊరి దగ్గరే పదిహేనేళ్ళకి పైగా మన వీధికుక్కల మీద జరుగుతున్న పని గురించి చదివాను. చదివినప్పట్నుంచి మా వీధి నాకు కొత్తగా కనిపిస్తోంది.

కందిరీగల నుంచి కుక్కల దాకా

ఆ పని చేస్తున్నది ఒక మహిళ, అనిందితా భద్ర. బెంగుళూరులో రాఘవేంద్ర గదగ్‌కర్ అనే శాస్త్రజ్ఞుడి దగ్గర ఆవిడ కందిరీగల మీద పరిశోధన చేసింది. ఆ గూట్లో రాణి ఎవరి మీదా పెత్తనం చేయదట. అరవదు, కరవదు, సాధుజీవిలా ఓ మూల కూర్చుంటుంది. ఒంటినుంచి వచ్చే వాసనతోనే తానున్నానని అందరికీ తెలియజేస్తుంది. మన ఉమ్మడి కుటుంబాల్లో అలాంటి పెద్దమ్మలు ఎంతమంది లేరు!

తర్వాత ఆవిడ కోల్‌కతా ఐసర్‌లో చేరి, 2009లో కుక్కల మీద పని మొదలుపెట్టింది. గొలుసు కట్టి పెంచే జాతికుక్కల మీద కాదు, మన వాకిట్లో పడుకునే ఊరకుక్కల మీద. ప్రయోగశాలా వీధే, పరికరాలూ బిస్కెట్లూ కోడిమాంసం ముక్కలే.

తల్లీ, అమ్మమ్మా

వాళ్ళు గమనించిన మొదటి సంగతి, ఈనబోయే కుక్క మనుషుల ఇళ్ళ దగ్గరే చోటు వెతుక్కుంటుందని. పిల్లలు కాస్త పెద్దయ్యాక తల్లికి బిస్కెట్ ముక్క వేస్తే వాటిని తిననిస్తుంది, మాంసం వేస్తే మాత్రం పోటీ పడుతుంది. కూతురి పిల్లల్ని అమ్మమ్మ కుక్క సాకడం కూడా చూశారు. ఇది చదివి వినిపిస్తే మా అత్తగారు నవ్వి, "ఇందులో కొత్తేముందమ్మా, పురుళ్ళు పోసినవాళ్ళకి తెలీదేటి?" అన్నారు.

నవ్వు రాని సంగతి ఇంకోటుంది. అయిదేళ్ళపాటు 95 ఈతల్లో పుట్టిన 364 కుక్కపిల్లల్ని వాళ్ళు వెంటాడి చూశారు. ఏడు నెలలకి మిగిలింది నూటికి 19. పోయినవాటిలో నూటికి 63 చావులకి ఏదో ఒక రకంగా మనిషే కారణం. కుక్కలు పెరిగిపోతున్నాయి అని మనం అంటున్న వీధుల్లోనే ఇన్ని చావులు జరుగుతున్నాయి.

చేయి చూపిస్తే చాలు

2020లో వచ్చిన మరో అధ్యయనం నాకు మరీ నచ్చింది. మూతపెట్టిన గిన్నెలు రెండు. ఒకదాన్లో కోడిమాంసం, రెండోదానికి వాసన మాత్రమే. ఒక మనిషి ఏదో ఒక గిన్నె వైపు చేయి చూపిస్తాడు. ఎవరూ నేర్పని వీధికుక్కలు, దగ్గరికి వచ్చినవాటిలో నూటికి 80 దాకా, ఆ చేయి చూపిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. అంటే మన సైగ వాటికి అర్థమవుతుంది.

మరి రానివి? దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. అవి బెదురుతో ఉన్నాయి. మనుషుల చేతుల్లో దెబ్బలు తిన్నవి కావచ్చన్నారు పరిశోధకులు. 2017లో ఇంకో సంగతి తేలింది. కొత్త మనిషిని నమ్మాలంటే, పదే పదే తిండి పెట్టడం కంటే తల నిమరడం ఎక్కువ పనిచేస్తుందట.

నాకు అర్థమైందేమిటంటే, మనం కుక్కని గమనిస్తున్నా గమనించకపోయినా అది మనల్ని గమనిస్తూనే ఉంటుంది. మన చేతిలో రాయుందో అన్నముందో లెక్క వేసుకుంటూనే ఉంటుంది.

మా వీధి తగువు

ఇదంతా వినడానికి బాగానే ఉంది, కరిస్తే ఎవరిదీ బాధ్యత? న్యాయమైన ప్రశ్న. మా వీధిలో ఓ ఆరేళ్ళ బాబు బంతి కోసం ఇటుకల గుట్ట వెనక్కి వెళ్తే పిల్లల తల్లి కుక్క కాలు పట్టేసింది. బాబు తల్లి, రోజూ కుక్కలకి అన్నం పెట్టే ఎదురింటి పిన్నిగారి గుమ్మం ముందు నిలబడి, "నువ్వు కూడెట్టబట్టే కదా ఇవి ఇక్కడే పడున్నాయి" అని ఏడుస్తూ అరిచింది. పిన్నిగారూ ఏడ్చారు. ఇద్దరిలో ఎవర్ని తప్పుపడతాం? ఒకావిడది కన్నబిడ్డ. రెండో ఆవిడది, కళ్ళముందు ఆకలి చూడలేని మనసు. బాబుకి టీకాలన్నీ వేయించారు, బాగున్నాడు. ఇద్దరికీ మాటలు మాత్రం లేవు.

భయపడేవాళ్ళ భయం ఉత్తదేం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నాలుగేళ్ళ పసివాడు కుక్కల దాడిలో చనిపోయాడు. రేబిస్ వచ్చిందంటే మనిషి దక్కడం దాదాపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో ఆ చావుల్లో మూడోవంతుకి పైగా మన దేశానివే.

అయితే కుక్కల్ని కొట్టి చంపితే ఇది తీరదు. చెత్తా తిండీ ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. నూటికి 70 కుక్కలకి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని అదే సంస్థ చెబుతోంది. 2023 నాటి నియమాల ప్రకారం ఆపరేషనూ టీకా వేయించే బాధ్యత మునిసిపాలిటీలదీ పంచాయితీలదీ. దెబ్బలు కొట్టడం, హింసించడం 1960 చట్టం కింద నేరం. ఆ చట్టం కోసం రాజ్యసభలో మొదట పట్టుబట్టింది కూడా ఒక స్త్రీయే, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్.

పిల్లలకి నేర్పాల్సినవి

శాస్త్రజ్ఞుల మాటలు మన గుమ్మం దాకా రావాలంటే ముందు పిల్లలకి చెప్పాలి.

తోక ఊపితే స్నేహమనే అనుకోకూడదు. వదులుగా, ఒళ్ళంతా కదిలేలా ఊపితే స్నేహం. తోక నిటారుగా బిగబట్టి ఊపుతూ, ఒళ్ళు బిగుసుకుంటే హెచ్చరిక. తోక కాళ్ళమధ్య ముడిచి, చెవులు వెనక్కి వాల్చితే భయం. భయపడ్డ కుక్క కూడా కరుస్తుంది.

పిల్లల తల్లి దగ్గరికీ, తింటున్న, నిద్రపోతున్న కుక్క దగ్గరికీ వెళ్ళకూడదు. కుక్క మీదికొస్తే పరిగెత్తకూడదు. చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్ళలోకి చూడకుండా కదలక నిలబడాలి. పడిపోతే ముడుచుకుని, చేతులతో మొహం, మెడ కప్పుకోవాలి.

కరిచినా, గోటితో గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకూడదు. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గాయాన్ని బట్టి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. ఒక్క సూది వేయించి మానేయకుండా డాక్టరు చెప్పిన డోసులన్నీ పూర్తి చేయాలి.

కుక్కలకి అన్నం పెట్టేవారికీ ఓ మాట. పిల్లలు ఆడుకునే చోటా, బడి దారిలో పెట్టకండి. ఎక్కడ పెట్టాలో వీధివాళ్ళూ, అధికారులూ కలిసి ఒక మూల చూపించాలి. మీరు అన్నం పెట్టే కుక్క మీ పిలుపుకి వస్తుంది కాబట్టి, టీకా వేసేవాళ్ళు వచ్చినప్పుడు దాన్ని పట్టి ఇవ్వగలిగేది కూడా మీరే. వాటికి దయ చూపినవాళ్ళ సాయం లేకపోతే, వాటికి భయపడేవాళ్ళకి రక్షణ లేదు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే చాలు, ఏ వీధిలోనైనా సగం తగువు తీరుతుంది.