ఐసీయూలోకి చెవి మిషను పంపండి

విజయవాడ సూర్యారావుపేటలో ఏ పెద్దాసుపత్రి ముందు చూసినా గుడివాడ నుంచో, కైకలూరు నుంచో, అవనిగడ్డ నుంచో వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. మన డెల్టా మనుషులు జబ్బుపడ్డవారిని ఒంటరిగా వదలరు. ఇరుగుపొరుగు కూడా క్యారియర్ కట్టుకుని బస్సెక్కుతారు. అంతమందీ ఐసీయూ తలుపు దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ విదేశంలో ఐసీయూ నర్సుగా పనిచేస్తున్నానని మన తెలుగు సంఘం కమిటీవారు నన్ను రాయమన్నారు. ఊళ్లో అమ్మానాన్నలకు జబ్బు చేస్తే చూసుకోవాల్సిన ఇన్సూరెన్సు, విమానం టికెట్ల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది తలుపు లోపలి సంగతి.

మా నాన్నగారిని విజయవాడలో ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టినప్పుడు చెవి మిషను, కళ్లజోడు, కట్టుడు పళ్లు కవర్లో వేసి అన్నయ్య చేతికిచ్చేశారు. కేస్ షీట్లో మాత్రం చెప్పింది చెయ్యడం లేదు, కంగారుపడుతున్నారు అని రాశారు. ట్యూబు లాగేసుకుంటారని చేతులు కట్టారు, మత్తు పెంచారు. మిషను లేకపోతే ఆయనకు పక్కన పళ్లెం పడ్డా వినపడదు! వదిన బతిమాలి మిషను లోపలికి పంపించాక, సిస్టర్ అడగ్గానే చెయ్యి నొక్కారు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

ఐసీయూలో వచ్చే అయోమయం, కంగారును డెలీరియం అంటారు. వెంటిలేటర్ మీదున్న చాలామందికి వస్తుంది, ఐసీయూలో ఉండే రోజులు పెరుగుతాయి. దాన్ని కనిపెట్టే పరీక్షలో వరసగా అక్షరాలు చదువుతూ, ఫలానా అక్షరం వినగానే చెయ్యి నొక్కమంటారు. వినపడనివారు ఏం నొక్కుతారు? అందుకే మిషను డబ్బా మీద పేరు రాసి, కొత్త బ్యాటరీలతో సిస్టర్ చేతికివ్వండి. కుడిది ఎడమకు పెట్టకుండా గుర్తు పెట్టండి. ఎంఆర్‌ఐకి తీసుకెళ్లేటప్పుడు తీసేస్తారు, తిరిగి వచ్చాక పెట్టారో లేదో అడగండి. కళ్లజోడూ అంతే. కట్టుడు పళ్లు మాత్రం ట్యూబు ఉన్నన్నాళ్లూ బయటే ఉండాలి. ఇంకొకటి, ఎంత ప్రేమతోనైనా నోట్లో తులసితీర్థం పొయ్యకండి. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కదలని మనిషికి వినపడదనుకోకండి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ముమ్మరమై అవనిగడ్డ ఆసుపత్రికి వరసగా కేసులొచ్చాయి. నాగుపాము, కట్లపాము విషం కండరాలను చచ్చుబరుస్తుంది. రెప్ప కూడా ఎత్తలేకపోయినా చాలామందికి తెలివి ఉంటుంది, మాటలు వినపడతాయి. ఆ మంచం పక్కన ఇక లాభం లేదని ఎవరూ అనకూడదు. పేరు పెట్టి పిలవాలి, ఇంటి సంగతులు చెప్పాలి.

మనవాళ్లను లోపలికి రానివ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ 2017 మార్గదర్శకాలు కుటుంబాన్ని మంచం దగ్గరికీ డాక్టర్ల రౌండ్స్‌కీ రానివ్వమన్నాయి. అదే ఏడాది మన కేంద్ర ఆరోగ్యశాఖ, నవజాత శిశువుల వార్డుల్లో తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి నేర్పించి బిడ్డ సంరక్షణలో కలుపుకోమంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా పాల్గొని 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో, పుట్టిన వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచిన తక్కువ బరువు పిల్లల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. పసిబిడ్డకు పనికొచ్చిన సాన్నిధ్యం పెద్దవాళ్లకూ కావాలి. దబాయించకుండా, డాక్టరుగారితో కౌన్సెలింగ్‌కు రోజూ వెళ్లే ఒక్కరి చేత అడిగించండి. అన్నదమ్ములంతా తలో దేశం నుంచి ఫోన్లు చేసి డ్యూటీ డాక్టర్ని ఊపిరాడకుండా చెయ్యకండి.

నేను చూసినంతలో, మత్తు దిగుతున్న పెద్దవాళ్లకు పుట్టినప్పటి నుంచి విన్న భాష త్వరగా అందుతుంది. తాతయ్యా, నేనొచ్చాను అని మనవరాలు తెలుగులో పిలిస్తే ఆయన తలతిప్పి చూసే తీరు నేను కళ్లారా చూశాను. అందుకే పిల్లల్ని మన ఆదివారం తెలుగు బడికి మానకుండా పంపండి. ఈసారి ఊరు వెళ్లినప్పుడు అమ్మానాన్నల చెవి మిషను, కళ్లజోడు వివరాలు, రోజూ వేసుకునే మందులు, ఇంట్లో పిలిచే పేరు, ఆసుపత్రితో మాట్లాడాల్సిన ఒక్కరి ఫోన్ నంబరు కాగితం మీద రాసి, ఒక ప్రతి ఫ్రిజ్‌కు అంటించి, ఇంకొకటి పక్కింటివారికి ఇచ్చి రండి.