డాలరు మీద తెలుగు అక్షరాలు

డాలరు అనగానే మనకు అమెరికా గుర్తుకొస్తుంది. కాని ఆ పేరు పుట్టింది అమెరికాలో కాదు. నేటి చెక్ దేశంలో ఉన్న యోఆకిమ్‌స్థాల్ అనే లోయలో వెండి గనులుండేవి. 1520 ప్రాంతంలో ఆ వెండితో కొట్టిన నాణేన్ని ఆ ఊరి పేరుతోనే పిలిచారు. జర్మన్ భాషలో 'థాల్' అంటే లోయ. యోఆకిమ్‌స్థాలర్ కాస్తా థాలర్‌గా కుదించుకుపోయి, ఇంగ్లీషువారి నోట డాలరయింది. మెక్సికో, పెరూ గనుల వెండితో స్పెయిన్ రాజులు కొట్టించిన ఎనిమిది రియాళ్ల నాణేన్ని కూడా ఇంగ్లీషువారు ఆ పేరుతోనే పిలిచారు. అమెరికా రాష్ట్రాల్లో అప్పటికే జనం చేతుల్లో నలుగుతున్నది ఆ స్పానిష్ నాణెమే. అందుకే ఆ రాష్ట్రాలు 1785లో డాలరును తమ ద్రవ్యంగా ఎంచుకుని, 1792లో చట్టం చేశాయి.

కాకుమానులో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ కథతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. ద్రవ్యానికి పేరెవరు పెడతారు? దాన్ని చెల్లేటట్టు ఎవరు చేస్తారు? ఈ రెండు ప్రశ్నలూ మన భాషకు, మన సాహిత్యానికి సంబంధించినవే. పైగా ఆ స్పానిష్ నాణెం మన తీరానికి కూడా వచ్చింది.

1611లో ఈస్టిండియా కంపెనీ వారి 'గ్లోబ్' నౌక మా రేపల్లె దగ్గరి నిజాంపట్నం రేవులో ఆగింది. మన అద్దకం బట్టలు వారికి కావాలి. బదులుగా మనవాళ్లు కోరే సరుకు వారి దగ్గర పెద్దగా లేదు. అందువల్ల కంపెనీ తూర్పు దేశాలకు స్పానిష్ వెండిని ఓడల కెత్తించేది. ఇక్కడ అది ప్రధానంగా తూకం వెండిగానే చెల్లింది. ఇక్కడి బంగారు నాణెం వరహా. వరాహ ముద్ర వల్ల దానికా పేరు వచ్చింది. ఐరోపావారు దాన్నే పగోడా అన్నారు.

1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. 1807-08లో మద్రాసు టంకశాల వెండి అరవరహాలు కొట్టింది. ఒకవైపు గోపురం, మరోవైపు దేవుని బొమ్మ, దాని చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. ఆ నాణేల్లో కొన్ని స్పానిష్ డాలర్ల మీదే తిరిగి అచ్చు వేసినవి. వాటిని నిదానించి చూస్తే అడుగున పాత ముద్ర ఆనవాళ్లు కనిపిస్తాయి. అంటే తెలుగు అక్షరాల కింద ఉన్నది డాలరే! మన దేవుడు, మన లిపి ఉన్నంత మాత్రాన అది మన ద్రవ్యం కాలేదు. జనం నమ్మిన గుర్తులను కంపెనీ తన అవసరానికి వాడుకుంది.

ఆ అవసరం తీరగానే వరహాను పక్కకు నెట్టింది. 1818లో 100 వరహాలకు 350 రూపాయల లెక్కన రూపాయిని మద్రాసు రాజధానికి ప్రామాణిక ద్రవ్యం చేసింది. 1835 చట్టంతో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. దాని మీద ఇంగ్లండు రాజు తల ఉంది. శిస్తు ఏ నాణెంలో కట్టించుకుంటే ఆ నాణెమే ద్రవ్యమవుతుంది. నాణెం మార్చిన ప్రతిసారీ రైతు సరాఫుకు వట్టం ఇచ్చుకోవలసిందే.

పేరు సంగతి వేరు. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ 1794లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి రాగి నాణేలు అచ్చు వేయించి తెచ్చింది. రూపాయికి 48 అని వాటి మీద రాసి ఉంటుంది. డబ్బు అంటే అప్పట్లో ఇలాంటి చిన్న రాగి నాణెమే. కూలివాడి మొలలో వరహా ఉండదు, రాగి డబ్బు ఉంటుంది. ఆ రాగి పేరే చివరకు మొత్తం ధనానికి పేరయింది. కోటీశ్వరుడి ఆస్తిని కూడా మనం డబ్బు అనే అంటున్నాం. కాసు, రూక కూడా ఇలాగే ధనవాచకాలయ్యాయి. 1957లో దశాంశ నాణేలు వచ్చి అణాలు, బేడలు పోయాయి. 2011లో 25 పైసల నాణెం చెల్లుబాటు రద్దయింది. అయినా పావలా అనే మాట ఇంకా మన నోట్లోనే ఉంది. చట్టం రద్దు చేసింది నాణేన్ని. మాటను రద్దు చేయటం దాని తరం కాలేదు.

చారిత్రక నవల రాసేవారికి, శాసనాలు చదివే విద్యార్థులకు నా మనవి ఇది. గద్యాణం, మాడ, వరహా, రూపాయి ఒకే వస్తువుకు పర్యాయపదాలు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క పాలనను, ఒక్కొక్క శిస్తు పద్ధతిని చెబుతుంది. పాత్ర చేతిలో నాణెం పెట్టేముందు అది ఎవరు కొట్టించిందో, ఆ పాత్రకు ఎలా అందిందో, మార్చుకోబోతే ఎంత తరుగు పోతుందో విచారించాలి. ఆ తరుగు దగ్గరే అతని బతుకు కథ మొదలవుతుంది.