ర్యాప్ కళాకారుల జనాకర్షణ

ఒకే పద్యమును ఇద్దరు చదివెదరనుకొందము. ఇద్దరి ఉచ్చారణయు నిర్దుష్టమైనదే. ఇద్దరిలో ఎవరును తాళము తప్పరు. అయినను మొదటివారు చదువుచున్నంతసేపు సభలో గుసగుసలు వినవచ్చుచుండును. రెండవవారు పెదవి విప్పిన వెంటనే సభయంతయు చెవి యొగ్గును. ఈ భేదమునకు కారణమేమి?

రెండవవారియందున్న ఈ శక్తిని మనము జనాకర్షణ అందుము. పాశ్చాత్యులు దీనిని 'కరిజ్మా' అందురు. అనుగ్రహము అను అర్థముగల గ్రీకు పదమునుండి ఈ మాట పుట్టినది. దైవము కొందరికి మాత్రమే ప్రసాదించు వరమని పూర్వులు దీనిని భావించిరి. జర్మనీ దేశీయుడైన సామాజిక శాస్త్రజ్ఞుడు మాక్స్ వెబర్ (1864–1920) ఈ మాటను శాస్త్రపరిభాషలోనికి తెచ్చెను. ఆయన చెప్పినదానిలో మనము గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. అనుసరించువారు గుర్తించినంతకాలమే ఈ శక్తి నిలుచును. వారు ముఖము త్రిప్పుకొన్ననాడు అది అంతరించును. అనగా ఆకర్షించువానితోపాటు ఆకర్షింపబడువారును ఇందులో భాగస్వాములే.

ఈ శక్తి పనిచేయు తీరును పరిశీలించుటకు ర్యాప్ అను కళ మిక్కిలి అనువైనది. తాళమునకు లోబడి, ప్రాసలు కూర్చి, లయబద్ధముగా మాటలు పలుకుటయే ర్యాప్. ఇందు రాగాలాపనకు చోటు స్వల్పము. సాధారణముగా పాటలో గాయకుని వ్యక్తిత్వము బలహీనమైనను, మంచి వరుస ఆ లోపమును కప్పిపుచ్చగలదు. ర్యాప్‌లో అట్టి మరుగు లేదు. కంఠము, మాట, లయ, పలుకువాని స్వభావము, ఇవియే అతని సంపద.

ఈ కళ అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు నగరమందు, బ్రాంక్సు అను భాగమున జన్మించినది. ఆ ప్రాంతమును చీల్చుకొని విశాలమైన రాజమార్గమొకటి నిర్మింపబడుటచే వేలాది కుటుంబములు ఇండ్లు విడువవలసి వచ్చెను. ఉద్యోగములు తగ్గెను. భవనములు పాడుపడెను, అనేకములు అగ్నికి ఆహుతి అయ్యెను. అచ్చట మిగిలిన నల్లజాతివారి బిడ్డలకును, కరీబియను దీవులనుండి వచ్చినవారి బిడ్డలకును వినోదమునకైనను తగిన సాధనములు లేకుండెను.

1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీ రాత్రి, సెడ్జివిక్ వీథిలోని 1520వ నంబరు భవనమునందు సిండీ క్యాంబెల్ అను బాలిక ఒక వినోదసభ ఏర్పాటు చేసెను. బడి తెరచునాటికి క్రొత్త బట్టలు కొనుక్కొనవలెనని ఆమె కోరిక. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు ప్రవేశరుసుము. రికార్డులు వేయు పని ఆమె అన్నయగు క్లైవ్‌ది. జమైకా ద్వీపమునుండి 1967లో అమెరికాకు వచ్చిన ఈ పదునెనిమిదేండ్ల యువకుడే కూల్ హెర్క్ అను పేర ప్రసిద్ధి కెక్కెను. పాటలో గానమాగి, వాద్యముల లయ మాత్రమే వినవచ్చు భాగమున జనులు అత్యుత్సాహముతో నాట్యమాడుట అతడు గమనించెను. ఆ భాగము కొన్ని క్షణములే ఉండును. కనుక ఒకే పాటకు చెందిన రెండు రికార్డులను రెండు యంత్రములపై నుంచి, ఒకదానిపై ఆ భాగము ముగియగానే రెండవదానిపై మరల మొదలుపెట్టుచు, లయను తెంపు లేకుండ సాగదీయు పద్ధతిని అతడు కనిపెట్టెను. అతని మిత్రుడు కోక్ లా రాక్ మైకు చేతబట్టి, వచ్చినవారిని పేరుపెట్టి పిలుచుచు, ప్రాసలు గల చిన్న చిన్న మాటలతో వారిని హుషారు చేయుచుండెను.

ర్యాప్ కళాకారునకు నేటికిని వాడుకలో ఉన్న 'ఎం.సి.' అను పేరునకు సభానిర్వాహకుడని అర్థము. జనమును చెదరనీయక నిలుపుటయే అతని తొలి బాధ్యత. కావున జనాకర్షణ ఈ కళకు తరువాత తగిలించిన అలంకారము కాదు. అది దీని మూలముననే కలదు. పలుకువాడొకటి అనగా వినువారు బదులు పలుకు పద్ధతి నల్లజాతివారి ప్రార్థనామందిరములలో తరతరములుగా ఉన్నది. ఆ సంప్రదాయమే ఈ క్రొత్త సభలకును పునాది అయ్యెను.

అయితే సభను కేకలు వేయించినంతమాత్రమున సరిపోవునా? ఈ ప్రశ్నకు 1981లో హార్లెమ్ వరల్డ్ అను నాట్యశాలలో ఒక పోటీ సమాధానమిచ్చెను. బిజీ బీ అను కళాకారుడు జనమును నవ్వించుటలోను, వారిచేత బదులు పలికించుటలోను అందెవేసిన చేయి. ఆ రాత్రి కూడ అతడు తన అలవాటు ప్రకారము సభను ఉర్రూతలూగించెను. పిమ్మట కూల్ మో డీ వేదిక నెక్కి, ప్రాసలు చిక్కగా కూర్చిన మాటలతో బిజీ బీ పద్ధతినే సూటిగా విమర్శించెను. సభ ఆశ్చర్యపడెను. సందడితో కూడిన ఆకర్షణ ఒకటి, ప్రజ్ఞతో కూడిన ఆకర్షణ మరియొకటి కలవని శ్రోతలకు తెలిసివచ్చెను. ఆనాటినుండి మాటల కూర్పులో నైపుణ్యమునకు గౌరవము హెచ్చినది.

ఇక ఈ ఆకర్షణకు కారణములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది కంఠము. గొంతు పెద్దదైనచో చాలునని పలువురు తలంతురు. పబ్లిక్ ఎనిమీ అను బృందమునకు నాయకుడైన చక్ డీ (జననము 1960) కంఠము మేఘగర్జనవలె గంభీరమైనది. జాతి అన్యాయములను నిలదీయు అతని మాటలకు ఆ కంఠము చక్కగా అమరినది. అతని ప్రక్కనే ఫ్లేవర్ ఫ్లేవ్ మెడలో పెద్ద గడియారము వ్రేలాడదీసికొని హాస్యమాడుచుండును. ఒకని గాంభీర్యము మరియొకని చమత్కారముచే ఇనుమడించును. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణము రకీమ్ (జననము 1968). ఇతడు ఎన్నడును అరవడు. ఎదుట కూర్చున్నవారితో ముచ్చటించునట్లు నెమ్మదిగా పలుకును. తొలి పాట రికార్డు చేయునపుడు స్టూడియోలోనివారు మరింత ఆవేశము చూపుమని కోరిరనియు, అతడు అంగీకరింపలేదనియు చెప్పుదురు. 1987లో ఎరిక్ బీతో కలిసి అతడు వెలువరించిన 'పెయిడ్ ఇన్ ఫుల్' అను ఆల్బము ర్యాప్ పలుకుబడినే మార్చివేసెను. కేకలు వేయువారి నడుమ నెమ్మదిగా మాటలాడువానివైపు అందరును తలత్రిప్పుదురు. తన మాటపై తనకు నమ్మకమున్నదని ఆ నెమ్మదియే తెలుపును. కావున కంఠము పెద్దదా, చిన్నదా అనునది ముఖ్యము కాదు. అది చెప్పు విషయమునకును, చెప్పువాని స్వభావమునకును తగియుండవలెను.

రెండవది లయపై అధికారము. ర్యాప్ సాధారణముగా నాలుగు మాత్రల తాళమున నడచును. అనుభవము లేనివాడు ప్రతి పంక్తి చివరను, తాళపు దెబ్బపై, ఒకే ప్రాసను పెట్టును. రెండు మూడు పంక్తులు వినగానే తరువాత రాబోవునది శ్రోత ఊహించును; ఊహించినదే వచ్చినచో విసుగు చెందును. నేర్పరి ప్రాసను పంక్తి నడుమ దాచును; ఒక మాటను దెబ్బకు కొంచెము వెనుకగా విడుచును; ఒక్కొక్కచోట అసలు పలుకక ఆగును. ఆ నిశ్శబ్దమునందు శ్రోత మనసు ముందునకు వంగును. రకీమ్ బాల్యమునుండి శాక్సఫోను వాయించినవాడు. జాజ్ విద్వాంసుడగు జాన్ కోల్ట్రేన్ వాదనము తన లయను తీర్చిదిద్దినదని అతడే చెప్పెను. నటోరియస్ బి.ఐ.జి. అను పేర ప్రఖ్యాతుడైన క్రిస్టఫర్ వాలెస్ (1972–1997) కథయు ఇట్టిదే. బ్రూక్లిన్‌లో అతని పొరుగున నివసించిన డోనాల్డ్ హారిసన్ అను జాజ్ విద్వాంసుడు, మృదంగమువంటి వాద్యములపై మాక్స్ రోచ్ పలికించు జతులను అతనికి వినిపించి, మాటలను ఆ దెబ్బలవలె స్పష్టముగా విరిచి పలుకుట నేర్పెను. తరువాతి కాలమున అతడు కాగితముపై వ్రాసికొనక, పాటను మనసులోనే కూర్చుకొనుచుండెనని సహచరులు చెప్పిరి. అతనిది భారీ దేహము. తన రూపమును గూర్చి తానే హాస్యమాడుచు, తొణకక బెణకక పలుకుటచే అదియే అతనికి శోభ అయినది.

మూడవది సత్యము. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందమువారి 'ది మెసేజ్' అను పాట వెలువడెను. అంతవరకు ర్యాప్‌లో వేడుకయు, స్వోత్కర్షయు ఎక్కువగా వినవచ్చుచుండెను. ఈ పాటలో మెలీ మెల్ పాడుపడిన పేటలలోని దైనందిన జీవితమును కన్నులకు కట్టినట్లు వర్ణించెను. ఆ పేటలవారు తమ బ్రదుకును ఆ పాటలో వినిరి. క్వీన్ లతీఫా 1993లో, వీథిలో స్త్రీలను అవమానించువారిని నిలదీయుచు ఒక పాటను వెలువరించి, 1995లో గ్రామీ బహుమానమును పొందెను. లారిన్ హిల్ 1999లో ఒకే రాత్రి ఐదు గ్రామీ బహుమానములు గెలుచుకొనెను. ప్రగల్భములు పలుకు కళలో ఆమె ప్రేమను, వేదనను, మాతృత్వమును గూర్చి పలికెను.

సత్యమునకు మరియొక ముఖము కూడ కలదు. డెట్రాయిట్ నగరవాసియైన ఎమినెమ్ నటించిన '8 మైల్' (2002) అను చలనచిత్రమున తుదిపోటీ దృశ్యమొకటి ఉన్నది. కథానాయకుడు తన పేదరికమును, తన పరాజయములను, ఎగతాళికి తావిచ్చు సంగతులనన్నిటిని తానే ముందుగా సభకు చెప్పివేయును. ప్రత్యర్థికి అనుటకు మాట మిగులదు. దాచుకొనుటకు ఏమియు లేనివానిని గాయపరచుట కష్టము. జనము అట్టివానిని నమ్మును. నమ్మకమునుండియే ఆకర్షణ పుట్టును.

ఇది పుట్టుకతో వచ్చునదా, సాధనతో వచ్చునదా? టూపాక్ షకూర్ (1971–1996) కన్నులలోని తీక్ష్ణతయు, స్వరములోని ఆర్తియు జన్మసిద్ధములని జనులు అనుకొందురు. కాని అతడు బాల్టిమోరులోని కళాపాఠశాలలో నటనము, కవిత్వము, నృత్యము అభ్యసించెను. నట్‌క్రాకర్ అను నృత్యనాటకమున మూషికరాజు పాత్రను ధరించెను. కెండ్రిక్ లామార్ (జననము 1987) ఒకే పాటలో పలు కంఠములు మార్చి, పలువురు వ్యక్తులై పలుకును. అతని 'డ్యామ్' అను ఆల్బమునకు 2018లో సంగీతమునకు ఇచ్చు పులిట్జర్ బహుమానము లభించినది. శాస్త్రీయ సంగీతమునకును, జాజ్‌కును చెందని కృతికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. మనము సహజమని భావించు తేజస్సు వెనుక ఎన్ని సంవత్సరముల అభ్యాసమున్నదో దీనినిబట్టి ఊహింపవచ్చును. అనగననగ రాగమతిశయిల్లునని మన పెద్దలు చెప్పినది ఊరక కాదు.

అయితే ఈ శక్తి నిప్పువంటిది, వెలుగునిచ్చును, కాల్చును. టూపాక్, క్రిస్టఫర్ వాలెస్ మొదట మిత్రులు. తరువాత వారి నడుమ వైరము పుట్టినది. పాటలలో దూషణలు పెరిగెను. పత్రికలు ఆ వైరమును దేశపు తూర్పు పడమరల పోరాటముగా చిత్రించెను. అభిమానులు చెరియొక పక్షము వహించి, ప్రతి క్రొత్త దూషణకును చప్పట్లు కొట్టిరి. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్ నగరమున టూపాక్ తుపాకి గుండ్లకు గురియై మరణించెను. అప్పటికతని వయస్సు 25 సంవత్సరములు. ఆరు నెలలకు, 1997 మార్చి 9వ తేదీన, లాస్ ఏంజెలెస్‌లో వాలెస్‌ను కూడ కాల్చి చంపిరి. అతనికి 24 ఏండ్లు. ఇరువురి తల్లులకును బిడ్డలు దక్కలేదు. ఇంకను ఎంతో పలుకవలసిన రెండు కంఠములు మూగవోయినవి. ఆ చప్పట్లు వారిని చంపినవని చెప్పజాలము. కాని కోపమును మెచ్చుకొన్నకొలది కోపమే పెరుగునను సత్యమును ఆ చరిత్ర తెలుపుచున్నది.

ఇచ్చట వెబర్ మాట మరల జ్ఞప్తికి వచ్చును. కళాకారునకు శక్తి నిచ్చునది శ్రోత గుర్తింపు. అతనిలో దేనిని గుర్తించినచో అది వృద్ధి పొందును. కూల్ మో డీ నైపుణ్యమును శ్రోతలు మెచ్చిరి, నైపుణ్యము పెరిగెను. మెలీ మెల్ సత్యమును మెచ్చిరి. సత్యము పలుకువారు పెక్కండ్రు వచ్చిరి. నేడు ర్యాప్ ప్రపంచమందలి అనేక భాషలలో వినవచ్చుచున్నది. తెలుగు చలనచిత్ర గీతములలోను చోటు సంపాదించినది. క్రొత్త గాయకుని వినునపుడు అతని వేషమును, కంఠమునందలి ఆర్భాటమును క్షణకాలము ప్రక్కన పెట్టి, ఇతడు చెప్పుచున్నదేమి, అది నిజమా, దానికై ఇతడు ఎంత శ్రమించినాడు అని ప్రశ్నించుకొనుట మేలు. వినదగు నెవ్వరు చెప్పినను. విని మెచ్చుటకు మాత్రము వివేకము కావలెను. ఆ వివేకముతో మనము కొట్టు చప్పట్లే మంచి కళాకారుని నిలబెట్టును.