తల అరిగిన స్క్రూ – గిటారు చెక్క చెడకుండా తీసే విధానం

ఇంట తెలుగు, బడిలో తమిళం. నాయకరాజుల కాలం నుండి కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో స్థిరపడిన మన కుటుంబాల తీరు ఇది. మరమేకు అను తెలుగు మాటను మనము మరచితిమి. దానిని స్క్రూ అంటాము. తిప్పే సాధనాన్ని తమిళుల వలె తిరుప్పుళి అంటాము. పేరు ఏదైనను, దాని తల అరిగిపోయినపుడు కలిగే చిక్కు అందరికీ ఒక్కటే.

మా అక్కగారి కుమారుడు కోయంబత్తూరులో కళాశాల విద్యార్థి. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొన్నాడు. ఊరి ఉత్సవంలో వాయించుటకు రెండు రోజుల ముందు ఒక తీగ శ్రుతిలో నిలువలేదు. వీణకు బిరడాల వలె గిటారు తలభాగాన తీగలను బిగించే చెవులు ఉంటాయి. వాటిలో ఒకటి వదులైనది. దానిని విప్పుదామని నేను ఇంట ఉన్న తిరుప్పుళిని పెట్టి రెండు మారులు గట్టిగా తిప్పాను. స్క్రూ కదలలేదు, దాని తలలోని కూడిక గుర్తు గుండ్రని గుంటయైనది. "మామా, ఇక తిప్పవద్దండి, చెక్క పగులుతుంది" అన్నాడు మేనల్లుడు.

వాని మాటయే మొదటి పాఠం. స్క్రూ వెల స్వల్పం. చెక్క పగిలితే వాద్యమే పోతుంది. తిరుప్పుళి ఒక్కసారి జారగానే ఆపవలెను.

ఇంతకూ ఎందుకు జారుతుంది? కూడిక గుర్తు తల గల స్క్రూకు అమెరికాకు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొందారు. ఈ గుంట గోడలు వాలుగా ఉంటాయి. గట్టిగా తిప్పితే తిరుప్పుళి ఆ వాలు మీదుగా పైకి లేచి అంచులను కొరుకుతుంది. కావున తిప్పే బలం కంటె అదిమే బలం ఎక్కువగా ఉండవలెను. మొన సరియైన కొలతలో ఉండుట కూడ ముఖ్యం. జపాను కొలతల స్క్రూలు చూపునకు ఒకే విధంగా ఉన్నను గుంట కొద్దిగా వేరు. వాటి తలపై తరచు చిన్న చుక్క ఉంటుంది.

ఇక తీసే విధానం. ముందుగా గిటారు తీగలను వదులు చేయండి. చుట్టూ గుడ్డ పరచి, స్క్రూ పక్కన టేపు అంటించండి. తరువాత సులువైన ఉపాయం నుండి కఠినమైన దానికి వరుసగా సాగండి.

మొదటిది: గుంటలో సరిగా కూర్చునే కొత్త మొనను నిటారుగా నిలిపి, అరచేతితో బలంగా అదిమి, మెల్లగా ఎడమకు తిప్పండి.

రెండవది: వెడల్పాటి రబ్బరు బ్యాండును మొనకు, తలకు నడుమ ఉంచి తిప్పండి. అరిగిన చోటును రబ్బరు నింపి పట్టు ఇస్తుంది.

మూడవది: సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తలపై అర నిమిషం ఆనించండి. చుట్టూ పట్టిన వార్నిష్, జిగురు మెత్తబడతాయి. కొంత చల్లారిన పిదప తిప్పండి. వేడి మొన చెక్కకు తగలరాదు.

నాలుగవది: తల పైకి ఉంటే ప్లయర్‌తో పట్టి తిప్పవచ్చు; లేదా హాక్సా బ్లేడుతో తలపై అడ్డంగా గాడి కోసి, చదును మొన గల తిరుప్పుళితో తిప్పవచ్చు. రాలిన ఇనుప రజను గిటారు పికప్‌లలోని అయస్కాంతాలకు అంటుకుంటుంది. కావున వాటిని ముందే టేపుతో కప్పవలెను.

తల తెగి లోపల ముక్క మిగిలితే మాత్రం బరమా పని తెలిసిన వారికి అప్పగించుట మేలు.

కొబ్బరి నూనె, కిరోసిన్ పోయవద్దు. చెక్క పీల్చుకొని మరక పడుతుంది. ఇంటి గ్రైండరులో, బావి మోటారులో ఇనుములో బిగిసిన స్క్రూకైతే కరెంటు తీసివేసి తుప్పు వదిలించే నూనె వేయవచ్చు. చెక్కకు ఒక నీతి, ఇనుముకు ఒక నీతి.

తీసిన స్క్రూను మరల వాడరాదు. అదే కొలతలో కొత్తది కొనండి. రంధ్రం వదులైతే సన్నని వెదురు పుల్లలను ఫెవికాల్‌లో ముంచి దూర్చి, ఒక రాత్రి ఆరనిచ్చి, సన్న రంధ్రం వేయండి. స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం పూయండి. పాత రంధ్రం బాగుంటే, ముందు ఎడమకు మెల్లగా తిప్పండి. 'టక్' మని మర కూర్చున్న పిదపనే కుడికి బిగించండి.

కోయంబత్తూరు చెంత కళంగల్‌లో 1893లో జన్మించిన జి.డి. నాయుడు యువకునిగా ఒక మోటారు సైకిలును విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చారని ప్రసిద్ధి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును దేశంలోనే తయారు చేశారు. విప్పుట ఎవరికైనను వచ్చును. చెడకుండా విప్పి మరల నిలుపుటయే విద్య.

మా గిటారు స్క్రూ మూడవ ఉపాయంతో కదిలింది. ఉత్సవం నాడు మేనల్లుడు వాయించుచుండగా ఆ తీగ శ్రుతి తప్పలేదు. నా తొందరపాటు గుర్తుగా ఆ అరిగిన స్క్రూను బల్ల సొరుగులో దాచుకొన్నాను.