సర్వర్ వర్క్‌లోడ్ తరలింపు: నిర్వహణ సాధనాలు – తెలుగు పాఠభద్రత

వ్యాససంగ్రహం:
ఒక సర్వర్‌పై నడుస్తున్న వ్యవస్థను మరొక సర్వర్‌కు చేర్చడంలో నిర్వాహకులు ఉపయోగించే సాధనాల పనితీరును ఈ వ్యాసం వివరిస్తుంది. తరలింపులో నకలు తీయడం కంటే సరిచూడడం, అవసరమైతే వెనక్కి మళ్లగలగడం ప్రధానమని, తెలుగు పాఠాల విషయంలో ఆ సరిచూపు యంత్రంతో మాత్రమే పూర్తికాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సర్వర్, వర్క్‌లోడ్, తరలింపు, యూనికోడ్, సరిచూపు, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
తాళపత్ర గ్రంథానికి కొత్త ప్రతి రాసిన ప్రతిసారీ లేఖకప్రమాదాలకు అవకాశం ఉండేది. అందుకే 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ లేఖకులను, పండితులను నియమించి, ఒకే కావ్యానికి లభించిన పలు ప్రతులను పోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. నేడు తెలుగు పరిశోధన వ్యాసాలు, నిఘంటువులు, సిద్ధాంతగ్రంథాలు సర్వర్లలో ఉంటున్నాయి. యంత్రం పాతబడినప్పుడు వాటిని మరోచోటికి చేర్చక తప్పదు. ఇది కూడా ఒక విధంగా ప్రతి రాయడమే. కనుక దీనిలోని ప్రమాదాలను భాషాపరిశోధకులు సైతం తెలుసుకోవలసి ఉంది.

2. తరలింపు విధానాలు:
సర్వర్‌పై నడిచే ఆపరేటింగ్ సిస్టమ్, అప్లికేషన్లు, డేటాబేస్, ఫైళ్లు, వాటి అమరికలు అన్నీ కలిపి వర్క్‌లోడ్ అవుతుంది. దీనిని రెండు విధాలుగా తరలిస్తారు.

మొదటిది వర్చువల్ యంత్రాన్ని యథాతథంగా తరలించడం. వీఎంవేర్ సంస్థ 2003లో వీమోషన్ పేరుతో ఈ సౌకర్యాన్ని తెచ్చింది. 2005లో క్రిస్టఫర్ క్లార్క్ తదితరులు జెన్ వ్యవస్థపై ప్రచురించిన పత్రం దీని పద్ధతిని విశదీకరించింది. యంత్రం నడుస్తుండగానే దాని మెమరీ పుటలను కొత్తచోటికి పంపుతారు. ఈలోగా మారిన పుటలను మళ్లీ పంపుతారు. మిగిలినవి స్వల్పమైనప్పుడు యంత్రాన్ని క్షణకాలం ఆపి, కొత్తచోట కొనసాగిస్తారు. ఈ విరామం 60 మిల్లీసెకన్ల వరకు తగ్గగలదని ఆ పత్రం చూపింది.

రెండవది కొత్త సాఫ్ట్‌వేర్‌ను వేరుగా నెలకొల్పి, విషయాన్ని మాత్రమే అందులోకి ఎక్కించడం. మొదటి విధానంలో పాఠం ఉన్నదున్నట్లుగా వెళుతుంది. రెండవ విధానంలో పాఠాన్ని చదివి తిరిగి రాయడం జరుగుతుంది కనుక ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

3. నిర్వహణ సాధనాలు:
వర్చువల్ యంత్రాల తరలింపునకు లిబ్‌వర్ట్‌లోని విర్ష్ అనే ఆదేశసాధనం ఉపయోగపడుతుంది. తరలింపును ప్రారంభించడం, ఇంకా ఎంత మిగిలిందో చూడడం, మధ్యలో రద్దు చేయడం దీనితో సాధ్యం.

ఫైళ్ల తరలింపునకు ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో రూపొందించిన ఆర్‌సింక్ ప్రసిద్ధం. ఏమి జరగబోతుందో ముందే చూపే నమూనా పరుగు దీనిలో ఉంది. అయితే ప్రత్యేకంగా ఆదేశించనిదే ఇది ఫైలు పరిమాణాన్ని, మార్పు సమయాన్ని మాత్రమే పోల్చి, మార్పు లేదనుకున్న దానిని వదిలివేస్తుంది. లోపలి విషయాన్ని పోల్చాలంటే చెక్‌సమ్ ఎంపికను కోరాలి.

వెనక్కి మళ్లే మార్గమూ ముఖ్యమే. చిరునామా సమాచారాన్ని ఇతర సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో డీఎన్‌ఎస్ నిర్ణయిస్తుంది. ఆ గడువు 86,400 సెకన్లు ఉంటే కొందరు పాఠకులు ఒక రోజంతా పాత సర్వర్‌కే వెళ్లవచ్చు. అందుకే దానిని ముందుగానే 300 సెకన్లకు తగ్గిస్తారు. సరిచూపు ముగిసేవరకు కొత్త రచనల స్వీకరణను నిలిపి, పాత సర్వర్‌ను చదవడానికి మాత్రమే ఉంచాలి. లేనిపక్షంలో వెనక్కి మళ్లినప్పుడు మధ్యకాలంలో చేరిన రచనలు పోతాయి.

4. తెలుగు పాఠానికి ఎదురయ్యే చిక్కులు:
యూటీఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు అవసరం. 'క్షి' అనే ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, గుడి అనే 4 సంకేతాలు, అంటే 12 బైట్లు ఉంటాయి. 2018లో 8.0 వెర్షన్ వచ్చేవరకు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వేరుగా చెప్పకపోతే లాటిన్-1 సంకేతవిధానాన్నే అనుసరించేది. అటువంటి పాత డేటాబేస్‌లో రాసే దారి, చదివే దారి ఒకే పొరపాటు చేస్తాయి కనుక తెలుగు సరిగానే కనిపిస్తుంది. కొత్తచోట చదివే దారి మారగానే ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు లాటిన్ చిహ్నాలుగా బయటపడుతుంది. విచిత్రమేమిటంటే, అప్పటికీ రికార్డుల సంఖ్య సరిపోతుంది. నకలు ఫైలు చెక్‌సమ్ కూడా సరిపోతుంది.

ఇంతకంటే సూక్ష్మమైన నష్టాలూ ఉన్నాయి. 'వర్క్‌లోడ్' అనే మాటలో 'క్' తరువాత కంటికి కనిపించని ఒక విభజక సంకేతం ఉంది. శుభ్రపరిచే ప్రోగ్రాము దానిని తొలగిస్తే ఆ మాట 'వర్క్లోడ్' అవుతుంది. అలాగే ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. రెండూ ఒకేలా కనిపించినా బైట్లు వేరు కనుక, 'కైత' అనే మాట పేరులో ఉన్న ఫైలు కొత్తచోట దొరకకపోవచ్చు.

5. ముగింపు:
బైట్లు చేరాయో లేదో సాధనాలు చెప్పగలవు. అవి తెలుగుగా చేరాయో లేదో తెలుగు చదవగలిగినవారే చెప్పాలి. అందువల్ల తరలింపునకు ముందే సంయుక్తాక్షరాలు, అరసున్న, శకటరేఫ, దంత్య చ, జలు, ఐత్వం గల పుటలను ఎంపిక చేసి పరీక్షాపత్రంగా ఉంచుకోవాలి. తరలింపు తరువాత వాటిని పాత సర్వర్‌లోని పాఠంతో అక్షరాక్షరం పోల్చాలి. అది పూర్తయ్యాకే పాత సర్వర్‌ను తొలగించాలి. మాతృక చేతిలో ఉన్నంతవరకే పాఠపరిష్కరణ సాధ్యం. ప్రతులను పోల్చడంలో శిక్షణ పొందిన తెలుగు పరిశోధకులకు సర్వర్ గదిలోనూ ఒక బాధ్యత ఉందని దీనివల్ల స్పష్టమవుతున్నది.