అరుదైన పక్షులు: పాత సాక్ష్యాల విశ్వసనీయత

అరుదైన పక్షిని దశాబ్దాల కిందట ఫలానా చోట చూశామన్న మాటకు చెప్పినవారి ప్రతిష్ఠను బట్టి విలువ కడితే ఎంత పొరపాటు జరుగుతుందో మధ్య భారతపు ఫారెస్ట్ ఔలెట్ ఉదంతం చూపుతుంది. 1873లో పక్షి శాస్త్రజ్ఞుడు ఎ.ఓ. హ్యూమ్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ చిన్న గుడ్లగూబకు స్పెసిమెన్లు, అంటే చర్మం ఒలిచి, దూది కూరి, తేదీ, స్థలం రాసిన చీటీ కట్టి మ్యూజియంలో దాచిన నమూనాలు, ఏడు మాత్రమే ఉండేవి. వాటిలో ఆఖరిది 1914లో గుజరాత్‌లోని మాండ్వీ దగ్గర సేకరించినదని దాని చీటీ చెప్పేది. ఆ చీటీ కట్టిన రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగెన్ బ్రిటిష్ సైనికాధికారి, పేరుమోసిన పక్షి శాస్త్రజ్ఞుడు కనుక చాలాకాలం ఎవరూ శంకించలేదు.

1990లలో పక్షి శాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ ఆ నమూనాకు ఎక్స్‌రే తీసి, కుట్టు తీరుతో సహా పరీక్షించినప్పుడు, అది 1880లలో ఖాందేశ్‌లో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన పక్షి అనీ, దాన్ని మ్యూజియం నుంచి దొంగిలించి, విప్పి, మళ్లీ కూరి, కొత్త చీటీ కట్టారనీ తేలింది. చర్మాన్ని సిద్ధం చేసే పద్ధతి ఒక్కొక్క సేకర్తకు ఒక్కొక్క రకంగా ఉండి, చేవ్రాలులాగా మనిషిని పట్టిస్తుంది. 1914 తర్వాతి కాలంలో వచ్చిన కొన్ని 'చూశామన్న' వార్తలు కూడా నిలవలేదు. ఎందుకంటే ఊళ్లలో మామూలుగా కనిపించే చుక్కల గూబ ఫారెస్ట్ ఔలెట్‌ను పోలి ఉంటుంది, తేడా ప్రధానంగా నడినెత్తిన చుక్కలు దాదాపు లేకపోవడంలోనూ, రెక్కలపై, తోకపై దట్టమైన పట్టీల్లోనూ ఉంటుంది. నకిలీ రికార్డును పక్కన పెట్టి, నిజమైన పాత చోట్ల వెదికిన రాస్ముసెన్ బృందానికి 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా సమీపంలో ఆ గూబ సజీవంగా కనిపించింది.

అబద్ధం లేనప్పుడు కూడా జ్ఞాపకం స్థిరంగా ఉండదు. తలుచుకున్న ప్రతిసారీ మెదడు దృశ్యాన్ని కొంత కొత్తగా కట్టుకోవడం వల్ల, తర్వాత పుస్తకంలో చూసిన బొమ్మ అసలు చూసిన పక్షిలో కలిసిపోతుంది. అయినా పామరుల మాటను తోసిపుచ్చడం సరికాదు: 1900 తర్వాత కనిపించకుండా పోయిన కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికినప్పుడు, దాన్ని పట్టి చూపినవాడు స్థానిక వేటగాడే. శంకలేని రుజువు చేతికి వచ్చింది కనుక అక్కడ వాదమే మిగలలేదు. అదే జిల్లాలోని లంకమల అడవుల పరిసరాల్లో కలివికోడి కనిపించిందనుకున్నవారు తేదీ, చోటు, వెలుతురు, రొమ్ముపై పట్టీల సంఖ్య అదే రోజు, ఏ పుస్తకమూ తెరవకముందే రాసిపెట్టి, వీలైతే ఫోటోతో సహా అటవీశాఖకు అందజేయాలి.